బీథోవెన్ వయోలిన్ కాన్సెర్టో మాలో సగం మందికి సరళీస్వరాల్లా వినిపించింది, ఎందుకు?

ప్రశ్న: శ్రుతిపెట్టె (విజయనగరం)

విజయనగరంలో సంగీత కళాశాల చుట్టుపక్కల ఉండే మేము కొందరం ఆదివారం సాయంత్రాలు ఒకరి ఇంట్లో చేరి రికార్డింగులు వింటూ ఉంటాం. మాలో గాత్రం నేర్చుకునేవారు, వయోలిన్ విద్యార్థులు, మృదంగం వాయించే ఒక పెద్దాయన ఉన్నారు. ఏ వాద్యమూ చేతపట్టకపోయినా చిన్నప్పటి నుంచి కచేరీలు వింటూ పెరిగినవారూ ఉన్నారు. అందరి చెవులూ కర్ణాటక సంగీతానికి అలవాటుపడినవే. ఈ మధ్య ఒక మిత్రుడు బీథోవెన్ వయోలిన్ కాన్సెర్టోను (ఆర్కెస్ట్రాతో కలిసి ఒక ప్రధాన వయోలిన్ వాయించే రచన), యెహుది మెనూహిన్ వాయించగా ఫుర్ట్‌వాంగ్లర్ ఆర్కెస్ట్రాను నడిపించిన పాత రికార్డింగులో, మొదటి నుంచి చివరి దాకా వినిపించాడు. విన్నంతసేపూ ఎవరూ కదల్లేదు గానీ, అయిపోయిన తరువాత మాత్రం ఏ ఇద్దరి మాటా కలవలేదు.

మృదంగం పెద్దాయనకు మొట్టమొదట వినిపించే డప్పు దెబ్బలు ఎంత నచ్చాయంటే, ఆ భాగాన్ని మళ్లీ మళ్లీ పెట్టించుకున్నారు. వయోలిన్ నేర్చుకుంటున్న అమ్మాయి మాత్రం చాలా నిరాశపడింది. "ఇందులో వయోలిన్‌కు ఇచ్చినవన్నీ ఆరోహణ అవరోహణలు, జంటస్వరాలు, దాటుస్వరాలే. ఇవి మేము మొదటి ఏడాది వాయించేవే. శంకరాభరణం స్వరాలు ఉన్నాయి గానీ శంకరాభరణం లేదు" అన్నది. రెండో భాగం వింటూ ఒకావిడ కళ్లు తుడుచుకున్నారు. ఎందుకని అడిగితే, చెవులు వినిపించని మనిషి ఇంత రాశాడంటే మనసు ఆగలేదన్నారు. ఆ మాట మీద ఇంకొకరు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. మనం మెచ్చుకుంటున్నది సంగీతాన్నా, ఆ మనిషి పడిన కష్టాన్నా అన్నది వారి ప్రశ్న.

వయోలిన్ రచనలలో తలమానికమని ఇంతమంది చెప్పే ఈ కాన్సెర్టో మాలో సగం మందికి చప్పగా తోచడానికి కారణం మా చెవుల అలవాటా, లేక రచనలోనే ఆ గుణం ఉందా? స్వరకర్త జీవితకథను వినేటప్పుడు ఎంతవరకు మనసులో ఉంచుకోవాలి? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.


జవాబు: నాగావళి (శ్రీకాకుళం)

నేను పిల్లలకు కర్ణాటక పద్ధతిలో వయోలిన్ నేర్పుతాను. పాశ్చాత్య స్వరలిపి చదవడం కొంత నేర్చుకుని, ఈ రచనను స్వరలిపి ముందు పెట్టుకుని విన్నాను కనుక ఆ మేరకు రాస్తున్నాను.

మీ విద్యార్థిని చెప్పినది తేలికగా తీసిపారేయవలసిన మాట కాదు. ఈ కాన్సెర్టో మొదటిసారి 1806 డిసెంబరు 23న వియన్నాలో ప్రదర్శితమైంది. వాయించినవాడు ఫ్రాంజ్ క్లెమెంట్ అనే యువ విద్వాంసుడు. తరువాతి నెలలోనే అక్కడి పత్రికా విమర్శకుడు ఒకరు, ఇందులో సాధారణమైన కొన్ని స్వరగుచ్ఛాలే అంతూపొంతూ లేకుండా తిరిగి తిరిగి వస్తున్నాయనీ, అది శ్రోతకు విసుగు పుట్టించవచ్చుననీ రాశాడు. ఆనాటి వియన్నా శ్రోతలకు క్లెమెంట్ అదే కచేరీలో వయోలిన్‌ను తిరగేసి పట్టుకుని, ఒకే తీగ మీద వాయించిన సొంత రచన కూడా వినే భాగ్యం దక్కింది. అటువంటి చమత్కారాల పక్కన ఈ రచన నిరాడంబరంగా కనిపించి ఉంటుంది. ఆ తరువాత దాదాపు నాలుగు దశాబ్దాల పాటు దీనిని వాయించినవారు చాలా తక్కువ. 1844లో లండన్‌లో, మెండెల్సన్ ఆర్కెస్ట్రాను నడిపించగా, పన్నెండేళ్ల జోసెఫ్ యోఅఖిమ్ వాయించిన తరువాతనే ఇది మళ్లీ వేదికకెక్కింది. కాబట్టి విజయనగరంలో మీకు కలిగిన సందేహానికి కర్ణాటక సంగీతపు చెవులే కారణమని అనుకోనవసరం లేదు. అది వియన్నాలోనే పుట్టిన సందేహం.

అయినా నాకు ఈ రచన అంటే ప్రాణం. ఎందుకో చెప్పడానికి రెండు చోట్లు చూపిస్తాను.

మీ మృదంగం పెద్దాయన సరైన చోటే పట్టుకున్నారు. ఆర్కెస్ట్రాలో టింపనీ అనే పెద్ద డప్పు, శ్రుతి కట్టిన డప్పు, ఒంటరిగా నాలుగు దెబ్బలు మెత్తగా వేస్తుంది. అయిదో దెబ్బతో పాటు ఊదే వాద్యాలు పాట అందుకుంటాయి. ఆ దెబ్బలన్నీ షడ్జమం (స) మీదనే. అంటే రచనలోని మొట్టమొదటి స్వరాన్ని పలికినది తాళవాద్యమే. కాసేపటికి, పదో ఆవర్తంలో, వయోలిన్ల వరుస ఇదే నాలుగు దెబ్బల నడకను అందుకుంటుంది, కానీ శంకరాభరణంలో చోటులేని శుద్ధ రిషభం (స పక్కనే ఉండే చిన్న రి) మీద. వెనుక తోడు స్వరమేదీ లేకుండా, మంద్రంగా, నాలుగు సార్లు. ఆ స్వరం ఎందుకు వచ్చిందో అప్పటికి వివరణ ఉండదు. ఒక ఆవర్తం దాటగానే ఏమీ జరగనట్టు రచన తన దారిన పోతుంది. ఆ తరువాత మొదటి భాగం పొడుగునా ఆ నాలుగు దెబ్బలు వేర్వేరు వాద్యాలలో, వేర్వేరు శ్రుతులలో తిరుగుతూనే ఉంటాయి. వాటిని గుర్తుపట్టడం మొదలుపెట్టిన తరువాత, విసుగు పుట్టించినదని ఆ విమర్శకుడు అన్న పునరుక్తే నాకు ఈ రచనకు పట్టుకొమ్మగా అనిపించింది.

రెండోది ఇంకా ముఖ్యం. మొదటి భాగంలో ఒక పాట ఉంది, వినగానే ఎవరైనా కూనిరాగం తీయగలిగినంత తేలికైనది. దానిని ముందు ఊదే వాద్యాలు పాడతాయి. వెంటనే తీగవాద్యాలు గాంధారాన్ని తగ్గించి విషాదంగా పాడతాయి. ప్రధాన వయోలిన్ వచ్చిన తరువాత కూడా ఆ పాటను క్లారినెట్లకూ బాసూన్లకూ వదిలేసి, తాను పై స్థాయిలో ఒకే స్వరం మీద కంపితం పట్టి నిలబడుతుంది. మీ విద్యార్థిని ఫిర్యాదు చేసిన ఆరోహణలూ దాటుస్వరాలూ ఇలాంటి చోట్లే వస్తాయి. పాట వేరొకరు పాడుతుంటే వయోలిన్ దాని చుట్టూ తిరుగుతుంది. ఆ పాటను పూర్తిగా, అలంకారాలు లేకుండా, అది తన గొంతుతో పాడేది ఒక్కసారే. ఇరవై నిమిషాలు గడిచి, కేడెంజా (వయోలిన్ ఒంటరిగా వాయించే ఘట్టం) అయిపోయిన తరువాత, అడుగున ఉన్న రెండు తీగల మీద, మిగతా తీగవాద్యాలు వేళ్లతో మీటుతుండగా పాడుతుంది. ఆ చోటు విన్నాక వెనక్కి వచ్చి ఆరోహణలు మళ్లీ వినమనండి. అది మొదటి ఏడాది సాధనలా వినిపించకపోవచ్చు.


జవాబు: బొబ్బిలి_వీణ (బొబ్బిలి)

నాగావళి గారి వివరణ చదివి, ఆమె చెప్పిన చోట్లన్నీ జాగ్రత్తగా విన్నాను. శుద్ధ రిషభం నిజంగానే ఒళ్లు జలదరించేలా ఉంది. అయినప్పటికీ ఈ రచన విషయంలో నా అసంతృప్తి అలాగే ఉంది కనుక, దానిని మర్యాదగానే అయినా స్పష్టంగా రాయదలిచాను.

నేను వీణ నాదం మధ్య పెరిగినవాడిని. పనస దుంగను తొలిచి వీణ చేసే ఊరివాళ్లం మేము. ఒక స్వరం మెట్టు మీద పుట్టి, తీగను లాగినప్పుడు పక్క స్వరాన్ని తాకి, తిరిగి తన చోటికి చేరేలోగా రాగం వినిపిస్తుంది. నా చెవి వెతికేది ఆ ప్రయాణాన్ని. బీథోవెన్ స్వరాలు నిటారుగా నిలబడతాయి. వాటి మధ్య జరిగేదంతా కింద ఉన్న స్వరసమ్మేళనంలో జరుగుతుందనీ, దానిని వినే చెవిని పెంచుకోవాలనీ చాలామంది నాకు చెప్పారు. వారి మాట నిజమే కావచ్చు. కానీ చెవిని అలా పెంచుకున్న తరువాత కలిగే ఆనందం, ఆ పెంపకంలోంచి వచ్చిందా రచనలోంచి వచ్చిందా అని అడిగే హక్కు శ్రోతకు ఉంది.

నా అసలు అభ్యంతరం శ్రుతి గురించి. మనకు తంబురా మోగినంతసేపూ షడ్జమం కదలదు. ఎంత దూరం వెళ్లినా ఇంటి దీపం కనిపిస్తూనే ఉంటుంది. ఇక్కడ షడ్జమమే నాలుగైదు నిమిషాలకొకసారి చోటు మారుస్తుంది. ఒక స్వరం మీద మనసు కుదురుకునేలోగా ఆ స్వరం పేరే మారిపోతుంది. పైగా ప్రధాన విద్వాంసుడు చేతిలో వయోలిన్ పట్టుకుని దాదాపు మూడు నిమిషాల పాటు, ఎనభై ఎనిమిది ఆవర్తాల పాటు, నిలబడి ఉంటాడు. ఆ తరువాత వచ్చి కూడా, నాగావళి గారే చెప్పినట్టు, పాటను ఇతరులకు వదిలేస్తాడు. ఆమెకు అది ఔదార్యంగా తోచింది, నాకు లోటుగా తోచింది. పక్కవాద్యంగా ఉన్న వయోలిన్‌ను సోలో కచేరీకి తగిన వాద్యమని నిరూపించిన ద్వారం వేంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన నేల మనది. అటువంటి చోట వయోలిన్ వేదిక మధ్యకు వచ్చిందంటే అది చెప్పేది అదే చెప్పాలని ఆశిస్తాం.

కేడెంజా సంగతి కూడా చెప్పాలి. ఆర్కెస్ట్రా ఆగిపోయి, వయోలిన్ ఒంటరిగా తన మనోధర్మాన్ని, అంటే అప్పటికప్పుడు పుట్టే కల్పనను, చూపే చోటు అది. బీథోవెన్ వయోలిన్ కోసం దానిని రాసిపెట్టకుండా ఖాళీగా వదిలేశాడని తెలిసి చాలా సంతోషించాను. తీరా చూస్తే ఈ రోజుల్లో ఎక్కువమంది యోఅఖిమ్ రాసినదో, క్రైస్లర్ అనే విద్వాంసుడు రాసినదో కంఠతా పట్టి వాయిస్తారు. నూరేళ్ల కిందట ఒకరు చేసిన కల్పనస్వరాలను ఇవాళ ఇంకొకరు అక్షరం పొల్లుపోకుండా అప్పజెబితే దానిని మనం మనోధర్మం అనం. క్రైస్లర్ తన కేడెంజాలో మొదటి భాగంలోని రెండు పాటలనూ ఒకే వయోలిన్ మీద ఒకేసారి పలికించాడు. అది గొప్ప పనితనమని ఒప్పుకుంటాను. కానీ ఆ ఖాళీ మాత్రం నిండిపోయింది.

రెండో భాగం, లార్గెట్టో, నాకు నచ్చింది. అది ఒక్కటే అయితే ఎన్నిసార్లయినా వింటాను.


జవాబు: గంటస్తంభం (విజయనగరం)

మీ ప్రశ్నలో రెండో సగానికి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు కనుక ఆ విషయమే రాస్తాను.

బీథోవెన్‌కు వినికిడి తగ్గడం ఈ రచనకు చాలా ముందే మొదలైంది. 1802 అక్టోబరులో హైలిగెన్‌స్టాట్ అనే చోట ఉండి తమ్ముళ్లను ఉద్దేశించి రాసిన లేఖలో, తనకు చావాలనిపించిందనీ, కళ మాత్రమే తనను ఆపిందనీ రాసుకున్నాడు. చదివినప్పుడు గుండె చెరువవుతుంది. అయితే ఆ లేఖకు నాలుగేళ్ల తరువాతి రచన ఇది. 1806లో అతనికి వినికిడి పూర్తిగా పోలేదు. అదే ఏడాది నాలుగో సింఫనీ, రజుమోవ్‌స్కీ క్వార్టెట్లు (నాలుగు తీగవాద్యాల రచనలు) వచ్చాయి. మనిషి సృజన ఉరకలు వేస్తున్న కాలం అది. ఈ కాన్సెర్టోను చివరి నిమిషం దాకా రాస్తూనే ఉన్నాడనీ, క్లెమెంట్ సరిగా సాధన చేసే వ్యవధి కూడా లేకుండానే వాయించాడనీ చెప్పుకుంటారు. రాతప్రతి మీద క్లెమెంట్ పేరుతో శ్లేష కట్టి చిన్న చమత్కారం కూడా రాశాడు. ఇది దుఃఖంలో మునిగిన మనిషి చేసే పని కాదు.

అందుకని, చెవిటితనాన్ని తలుచుకుని రెండో భాగంలో కన్నీరు పెట్టుకున్న ఆవిడను నేను తప్పుపట్టను గానీ, ఆ కథ ఈ రచనకు సరిపోదని మాత్రం చెబుతాను. ఇందులో బాధ లేకపోలేదు. మొదటి భాగం నడిమధ్య, ఆర్కెస్ట్రా బాగా సన్నగిల్లిన చోట, వయోలిన్ గాంధారాన్ని తగ్గించి ఒక కొత్త పాట అందుకుంటుంది. ఆ పాట మళ్లీ ఎక్కడా తిరిగి రాదు. ఆ నిమిషంలో ఉన్న వేదనకు కారణం స్వరకర్త చెవులలో వెతకనవసరం లేదు. అది స్వరాల్లోనే ఉంది.

మన దగ్గర కూడా ఇదే అలవాటు ఉంది. త్యాగరాజస్వామి ఫలానా కీర్తన ఫలానా సందర్భంలో పాడారనే కథ లేకుండా చాలామంది ఆ కీర్తనను వినరు. ఆ కథలు భక్తికి మేలు చేస్తాయేమో గానీ, రాగాన్ని వినడానికి ఒక్కోసారి అడ్డుపడతాయి. ద్వారం వారికి కంటిచూపు మందమని మన ఊళ్లో అందరూ చెప్పుకుంటారు. వారి పాత రికార్డులో కమాను తీగ మీద ఆగకుండా సాగుతున్నప్పుడు ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది? గుర్తుకు రాకపోవడమే వారి విద్వత్తుకు మనం ఇచ్చే గౌరవం. బీథోవెన్‌కూ అదే గౌరవం దక్కాలని నా కోరిక.

అయితే జీవితాన్ని పూర్తిగా పక్కన పెట్టమనడం కూడా సరికాదు. మీరు విన్న రికార్డింగునే తీసుకోండి. హిట్లర్ పాలనలో జర్మనీ విడిచి వెళ్లకుండా ఉండిపోయిన ఫుర్ట్‌వాంగ్లర్‌తో కలిసి, యూదుడైన మెనూహిన్ 1947లో ఇదే కాన్సెర్టోను వాయించాడు. ఆ పనికి అతని సొంతవారే చాలామంది అతన్ని నిందించారు. మెనూహిన్, ఫుర్ట్‌వాంగ్లర్‌ల స్టూడియో రికార్డింగులు ఈ రచనకు రెండున్నాయి, ఒకటి 1947లోది, ఇంకొకటి 1953లోది. ఏది విన్నా ఆ చరిత్ర తెలిసినవారికి వేరుగా వినిపించడం సహజం. అదే మెనూహిన్ 1952లో మన దేశానికి వచ్చినప్పుడు మద్రాసులో జస్టిస్ రాజమన్నార్ గారి ఇంట్లో ద్వారం వారి వయోలిన్ విన్నాడు. విజయనగరంలో ఈ రికార్డింగు పెట్టుకుని వింటున్నామంటే, దానికీ మనకూ మధ్య దూరం మనం అనుకున్నంత లేదు.

ఇంకొక్క మాట. బీథోవెన్, శ్యామశాస్త్రి ఇద్దరూ 1827లోనే కన్నుమూశారు. ముత్తుస్వామి దీక్షితుల వారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్యుల వద్ద వయోలిన్ నేర్చుకుని మన సంగీతానికి తెచ్చినది కూడా ఆ కాలంలోనే. ఒకే వాద్యం ఒకే తరంలో రెండు చోట్ల రెండు దారులు పట్టింది. ఒకచోట ఆర్కెస్ట్రాతో సంభాషించడం నేర్చుకుంది, ఇంకొకచోట గాత్రాన్ని అనుసరించడం నేర్చుకుంది. బొబ్బిలి గారి అసంతృప్తి ఆ రెండో దారిలో నడిచినవారి అసంతృప్తి. అది తప్పు కాదు, కానీ మొదటి దారిని దానితో తూచలేం.


జవాబు: బొబ్బిలి_వీణ (బొబ్బిలి)

గంటస్తంభం గారూ, తూచడం నా ఉద్దేశం కాదండి. కానీ ఒక రచన అన్ని కాలాలకూ, అన్ని చోట్లకూ చెందినదని చెప్పేవారు, మా చోటి చెవికి అది ఎలా వినిపించిందో కూడా వినాలి కదా. మిగతా మీరు రాసినదంతా ఆనందంగా చదివాను.


జవాబు: శ్రుతిపెట్టె (విజయనగరం)

అందరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులను గట్టిగా చదివి వినిపించి, మళ్లీ కలిసి విన్నాం. ఈసారి హైఫెట్జ్ అనే వయోలిన్ విద్వాంసుడి రికార్డింగు కూడా విన్నాం. అతని నడక మెనూహిన్ కంటే చాలా వేగం. మాలో కొందరికి ఆ వేగంలోనే నాలుగు దెబ్బల నడక స్పష్టంగా అందింది. కళ్లు తుడుచుకున్న ఆవిడకు మాత్రం అతను ఎక్కడా ఊపిరి పీల్చుకోనట్టు అనిపించింది.

మా వయోలిన్ విద్యార్థిని, కేడెంజా తరువాత అడుగు తీగల మీద వచ్చే పాటను తన వయోలిన్ మీద పట్టుకునే ప్రయత్నం చేసింది. స్వరాలు వెంటనే దొరికాయి. గమకం (స్వరాన్ని ఊపడం) లేకుండా, కమాను ఒత్తిడి ఒకేలా ఉంచి, ప్రతి స్వరాన్నీ నిండుగా నిలపడం దగ్గరే ఆమె చాలాసేపు ఆగిపోయింది. తన అభిప్రాయం పూర్తిగా మారలేదనీ, "ఇది మొదటి ఏడాది పాఠం" అన్న మాట వరకు మాత్రం వెనక్కి తీసుకుంటున్నాననీ రాయమన్నది. మృదంగం పెద్దాయన, కేడెంజాలో డప్పు ఎందుకు ఊరుకుందని అడుగుతున్నారు. దానికి ఎవరైనా జవాబు చెప్పగలరా? లార్గెట్టో గురించి కూడా ఇంకాస్త రాస్తే సంతోషిస్తాం.


జవాబు: నాగావళి (శ్రీకాకుళం)

పెద్దాయన ప్రశ్నకు బీథోవెనే జవాబు చెప్పాడు. పెద్దాయనకు నా నమస్కారాలు తెలియజేయండి. ఈ కాన్సెర్టోను 1807లో క్లెమెంటి అనే ప్రచురణకర్త కోరిక మీద బీథోవెన్ పియానోకు మార్చి రాశాడు. వయోలిన్‌కు రాయని కేడెంజాను పియానోకు తానే రాశాడు. అందులో పియానోతో పాటు టింపనీ కూడా మోగుతుంది, మొదట్లోని ఆ దెబ్బల నడకతోనే. వోల్ఫ్‌గాంగ్ ష్నైడర్‌హాన్ అనే విద్వాంసుడు దానిని తిరిగి వయోలిన్‌కు మలచుకుని, ఓయ్‌గెన్ యోఖుమ్ ఆర్కెస్ట్రాను నడిపించగా 1962లో రికార్డు చేశాడు. డప్పూ వయోలినూ తలపడే ఆ కేడెంజా బొబ్బిలి గారికి కూడా నచ్చవచ్చు. ఆ ఖాళీని తరువాతి స్వరకర్తలు కూడా నింపుతూ వచ్చారు. ష్నిట్కె రాసిన కేడెంజాలో తరువాతి కాలపు కాన్సెర్టోల తునకలు కూడా వినిపిస్తాయి. గిడాన్ క్రేమర్ అనే విద్వాంసుడు దానిని రికార్డు చేసినప్పుడు చాలామంది మండిపడ్డారు. నాకు మాత్రం ఆ ధైర్యం నచ్చింది.

లార్గెట్టో మన వారికి నచ్చడంలో ఆశ్చర్యం లేదు. మొదటి భాగపు షడ్జమాన్ని మనసులో ఉంచుకుంటే, రెండో భాగం సరిగ్గా దాని శుద్ధ మధ్యమాన్ని షడ్జమం చేసుకుని నడుస్తుంది. మన వారు పున్నాగవరాళి వంటి రాగాలకు మధ్యమ శ్రుతి పెట్టుకుంటారు కదా, ఆ స్థానమే. పైగా ఆ భాగమంతా షడ్జమం దాదాపు కదలదు. తీగవాద్యాలు మ్యూట్ (నాదాన్ని మెత్తబరిచే బిళ్ల) బిగించి పాటను మంద్రంగా పాడతాయి. తరువాత ఆ పాటనే వాద్యాలు మార్చి పాడుతుంటే, వయోలిన్ దాని పైన మన కీర్తనల్లోని సంగతులను తలపించేలా అల్లుకుంటూ పోతుంది. బొబ్బిలి గారు కోరిన కదలని శ్రుతి ఈ రచనలో దొరికేది ఇక్కడే. వచ్చే ఆదివారం ఆ ఒక్క భాగాన్నే, తంబురాను ఆ స్థానానికి శ్రుతి చేసి పక్కన మోగిస్తూ, ఒకసారి విని చూడండి. పాశ్చాత్య సంగీతజ్ఞులు ఒప్పుకోకపోవచ్చు. చెవికి దారి దొరికిన తరువాత తంబురాను ఆపేసి మళ్లీ వినండి.